జాకీ కన్నా ముందు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు పంచె సగం ఆయన నడుముకూ, సగం జాకీ నోట్లోనూ ఉన్న సమయంలో పంకజాక్షి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సంగటి కెలుకుతున్న తెడ్డు చేతిలోనే ఉంది. వదలమని గట్టిగా అరిచింది. జాకీ కళ్ళు మాత్రం పైకెత్తి, ఆ నువ్వేనా అన్నట్టు ఆమెను చూసి, మళ్ళీ తన పనిలో పడింది. వెనకే వచ్చిన అత్త శకుంతలమ్మ చీపురు ఆడించి అంతకన్నా గట్టిగా అరిచింది. ఆవిడకైతే ఆ చూపు కూడా దక్కలేదు. మోటారు దగ్గరనుంచి మామ మునిరామయ్య వచ్చి "ఛీ" అనడమే ఆలస్యం, జాకీ పంచె వదిలేసింది. ఏమీ ఎరగనట్టు తోకాడించుకుంటూ పోయి ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది.

మేనేజరు పెద్దమనిషి. పల్లెత్తు మాట అనలేదు. చిరిగిన పంచె చుట్టుకుని, కాయ కొనే ముందు తోట ఇంకోసారి చూస్తానని చెప్పి జీపెక్కాడు. బంగారుపాళ్యం చుట్టూ మామిడి తోటలకేమైనా కరువా? ఆయన మళ్ళీ వస్తాడో రాడో దేవుడికెరుక. మునిరామయ్య జీపు రేపిన దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి, ఇంట్లోకి వచ్చి తీర్పు చెప్పేశాడు.

"కాయ కోతకొచ్చే లోపల అది మీ ఆడోళ్ళ మాట ఇనాల. ఇంటే ఉంటాది. లేదంటే మదరాసు పోయే టమాటా లారీ ఎక్కిచ్చేస్తా. పగలంతా ఇంటికాడ ఉండేది మీరు. మీ మాట ఇనని కుక్కను పెట్టుకోని నేనేం జేసేది?"

 పంకజాక్షి కాపురానికొచ్చిన నెలకే జాకీ కూడా గంపలో ఆ ఇంటికి వచ్చింది. దూది వత్తితో పాలు పట్టింది తను, రోజూ ముద్ద పెట్టేది తను. అయినా తన మాటంటే దానికి పూచికపుల్ల. ఆ కోపం కోపమే గానీ, అది లారీ మీద బిక్కమొహం వేసుకుని పోవడం తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొగుడు జయరాం ఆమె మొహం చూసి, కుక్క లేకుంటే బెంగుళూరా మామిడి కాయ తెల్లారేసరికి దొంగల పాలవుతుందనీ, కుక్కలకు చదువు చెప్పేవాళ్ళు ఉంటారనీ, కొంచెం ఆగమనీ నాయనకు నచ్చజెప్పాడు. మునిరామయ్య కుక్కతోక వంకర తీసే మొనగాడెవడో తీసుకురమ్మని, కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

ఆ ఇంట్లో భోజనాలకు ఒక వరస ఉంది. కరెంటు ఉన్నంతసేపూ తోటకు నీళ్ళు కట్టి, అది పోయాక మగవాళ్ళు వస్తారు. ముందు వాళ్ళు తింటారు. తరవాత జాకీ సత్తు పళ్ళెంలో సంగటి, పప్పు కలిపి పెడతారు. అది నాకడం అయ్యాక శకుంతలమ్మ. ఆవిడ లేచాక పంకజాక్షి. అప్పటికి సంగటి గట్టిపడి, పప్పుగిన్నెలో గరిటెకు పప్పు తగలక నీళ్ళే వస్తాయి. పంకజాక్షి దాన్ని గురించి ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. పుట్టింట్లో అమ్మ తినేదీ అట్లాగే.

చదువు చెప్పేవాళ్ళలో మొదటివాడు పలమనేరు సుబ్బన్న. పంకజాక్షి పుట్టింటికి దగ్గరే. జయరాం రాజ్‌దూత్ మీద ఆమెను ఎక్కించుకుని పోయాడు. పాల ఆవుల కొట్టం వెనక సుబ్బన్న కుక్కల కొట్టం. ఆయన చేతిలో చింత బర్ర, సన్నటి బెత్తం లాంటిది, ఒకటి ఉంది. దాన్ని ఎత్తకుండానే, ఊరికే చేతిలో మార్చుకుంటేనే కుక్కలన్నీ నేలకు కరుచుకుపోయాయి. జయరాం నోరు తెరిచి చూశాడు. కుక్కను తెచ్చి తన దగ్గర వదిలేస్తే మూడు నెలల్లో మనిషిని చేసి పంపిస్తానన్నాడు సుబ్బన్న. మూడు నెలలకు కాయ కోతలు అయిపోయి తోరణాలకు ఆకులే మిగులుతాయి. ఇంటికి వచ్చాక అది తమ మాట వింటుందా అని పంకజాక్షి నెమ్మదిగా అడిగింది. బర్రను కూడా ఇచ్చి పంపిస్తానని సుబ్బన్న నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. నేలకు కరుచుకున్న కుక్కల్లో ఒకటి ఇంకా తల ఎత్తలేదు. బండి ఎక్కుతూ, ఈయన వద్దు, జాకీ లారీ ఎక్కినా ఇంతకన్నా సుఖంగా ఉంటుందని మొగుడి చెవిలో చెప్పింది.

రెండోవాడు తనంతట తనే వచ్చాడు. తిరుపతి కుప్పయ్య, ఒకప్పుడు సర్కస్‌లో పనిచేసినవాడు. ఎర్ర చొక్కా, చంకలో తెల్లటి చిన్న కుక్క. వాకిట్లో చాప పరిచి దాన్ని దించగానే రెండు కాళ్ళ మీద లేచి మునిరామయ్యకు నమస్కారం పెట్టింది. చక్రంలోంచి దూకింది. చచ్చిపోయినట్టు పడుకుని, గోవిందా అనగానే లేచింది. శకుంతలమ్మ బుగ్గలు నొక్కుకుంది. మునిరామయ్య చిన్నపిల్లాడైపోయాడు. మేనేజరు మళ్ళీ వచ్చినప్పుడు జాకీ కూడా అట్లా నమస్కారం పెడితే తోట అమ్ముడుపోయినట్టేనని కొడుకుతో అన్నాడు. జాకీ మాత్రం వేపచెట్టుకు కట్టేసి ఉండి, ఆ తెల్ల కుక్కను చూసి సిగ్గుపడుతున్నట్టు మొహం అటు తిప్పుకుంది.

వంటింటి గడపలో నిలబడ్డ పంకజాక్షి, ఒక్కసారి తననూ చెప్పనిమ్మని అడిగింది. కుప్పయ్య ధారాళంగా చెయ్యి ఊపాడు. ఆమె చాప దగ్గరికి వచ్చి తెల్ల కుక్కను కూర్చోమంది. అది కుప్పయ్య వంక చూసింది. మళ్ళీ చెప్పింది. అది కుప్పయ్య జేబు వంక చూసింది. కుప్పయ్య గొంతు సవరించుకుని, కొత్తమనుషులంటే దానికి బెరుకని చెప్పి, మజ్జిగ తాగి, నాలుగు గంటల బస్సుకు పోయాడు. మునిరామయ్యకు మాత్రం ఆ నమస్కారం మనసులోంచి పోలేదు. రెండు రోజులు దాని మాటే మాట్లాడాడు.

మూడోవాడు జయరావు. పోలీసు కుక్కల దగ్గర హవల్దారుగా చేసి రిటైరై, చిత్తూరులో చర్చి వెనక వీధిలో ఉంటున్నాడు. తెల్ల మీసం, ఖాకీ నిక్కరు, భుజాన కొబ్బరి నార తాళ్ళున్న సంచి. తన చేతికింద పెరిగిన కుక్క ఒకటి చెప్పు వాసన పట్టి దొంగను రైలుపెట్టెలోంచి దించిన సంగతి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ బస్సు దిగిన దగ్గరనుంచీ చెబుతూనే ఉన్నాడు. కానీ జాకీ వంక కన్నెత్తి చూడలేదు. తిన్నె మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కరెంటు పోయింది, మగవాళ్ళు వచ్చారు. భోజనానికి రమ్మంటే, తరవాత తింటానన్నాడు. వాళ్ళు తినడం చూశాడు. జాకీ తినడం చూశాడు. శకుంతలమ్మ తినడం, పంకజాక్షి గోడవైపు తిరిగి గబగబా తినడం కూడా కిటికీలోంచి చూశాడు. ఇదేం చోద్యమని శకుంతలమ్మ కొంగు సర్దుకుంది.

అందరూ బయటికి వచ్చాక జయరావు అడిగాడు. "ఈ ఇంట్లో కుక్క తినినాక తినేదెవరు?"

శకుంతలమ్మ గర్వంగానే జవాబు చెప్పింది. "నేనూ, నా కోడలూ. నోరులేని దాని కడుపు నిండినాకనే మా ఇంట్లో ఆడోళ్ళు తినేది. మా అత్త కాలం నుంచి అదే పద్ధతి."

"మంచి పద్ధతే తల్లీ. పుణ్యం మీకొస్తా ఉండాది, పెత్తనం కుక్కకొస్తా ఉండాది."

ఎవరికీ అర్థం కాలేదు. జయరావు మీసం దువ్వుకుంటూ వివరించాడు. కుక్కల గుంపులో పెద్దది ముందు తింటుంది, చిన్నవి కాచుకుని ఉంటాయి. జాకీకి చుట్టరికాలు తెలియవు, ఎవరు ముందు తిన్నారో అంతే తెలుసు. మునిరామయ్య, జయరాం తనకన్నా ముందు తింటారు కాబట్టి వాళ్ళు పెద్దలు. అత్తా కోడళ్ళు తన తరవాత తింటారు కాబట్టి తనకన్నా చిన్నవాళ్ళు. చిన్నవాళ్ళ మాట ఎవరైనా వింటారా? అందుకే జయరావు కుక్కకు నేర్పడట. ఇంట్లో ఎవరి మాట వినాలో ఆ మనిషికి నేర్పుతాడట, వారం రోజులు వచ్చిపోతాడట. ఇంతే ఆయన చదువు.

మునిరామయ్యకు ఇది ఏమాత్రం రుచించలేదు. కుక్కకు నేర్పమని పిలిస్తే ఇంటి ఆడవాళ్ళను బడిలో వేస్తానంటాడేమిటి? నమస్కారాలూ గెంతులూ లేని చదువు ఏం చదువు? కుప్పయ్యకే కబురు పెడదామని లేవబోయాడు. పంకజాక్షి ఎప్పుడూ మామ ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఆ రోజు గడప దాటి వచ్చింది. 

"మామా, ఈయప్పే కావాల. సుబ్బన్న మాట సుబ్బన్న కుక్కలే ఇంటాయి. కుప్పయ్య మాట కుప్పయ్య కుక్కే ఇంటాది. వాళ్ళు యాడ పోతే ఆ మాట వాళ్ళెంటనే పోతాది. ఈడ ఉండేది మేము. నాకు నేర్పిచ్చండి."

మునిరామయ్య కోడలిని చూశాడు, కొడుకును చూశాడు. కొడుకు ఆకాశం చూస్తున్నాడు. సరే ఏడవండి, కానీ గడువు గడువే, లారీ లారీనే అని తోటలోకి పోయాడు.

మర్నాడు జయరావు మొదటి చట్టం పెట్టాడు. కుక్క తిండికి ఒక వేళ ఉండాలి. కరెంటును నమ్ముకుంటే కుదరదు, అది ఒకరోజు పన్నెండుకు పోతుంది, ఒకరోజు మూడుకు పోతుంది. మధ్యాహ్నం పలమనేరు బస్సు రోడ్డు మీద హారను కొట్టగానే జాకీ పళ్ళెం దిగాలి. అంతకు ముందే పంకజాక్షి తిన్నె మీద, జాకీకి కనపడేటట్టు కూర్చుని, కడుపునిండా తినాలి. దాని వంక చూడకూడదు, దానికి ముద్ద విసరకూడదు. చెయ్యి కడుక్కున్నాక అప్పుడు దానికి పెట్టాలి. మగవాళ్ళ పెద్దరికం దానికెప్పుడో తెలుసు, వాళ్ళు ఎప్పుడు తిన్నా ఫరవాలేదు.

 బస్సు వేళకు మగవాళ్ళు ఇంకా తోటలోనే ఉంటారు. అంటే కోడలు అత్తకన్నా ముందు, మొగుడికన్నా ముందు, మామకన్నా ముందు, రోడ్డున పోయేవాళ్ళందరూ చూస్తుండగా తినాలి. కలికాలం వస్తుందని విన్నాను గానీ మా తిన్నె మీదికే వస్తుందనుకోలేదని, శకుంతలమ్మ జయరావుకు వినపడేటట్టే గొణిగింది. జయరావుకు కుక్కల మాటలు తప్ప వినపడవు.

మొదటిరోజు పంకజాక్షి తిన్నె అంచున కూర్చుంది. కొంగు కప్పుకుని, అటూ ఇటూ చూస్తూ నాలుగు ముద్దలు మింగి లేవబోయింది. జయరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "దొంగతనంగా తింటే కుక్కకు తెలిసిపోతాది తల్లీ. నీ ఇంట్లో నీ కూడు తింటా ఉండావు. కూచో." సరిగ్గా అదే వేళకు గడ్డిమోపుతో పోతున్న సిద్ధమ్మ ఆగి, ఎండ నడినెత్తికి రాకముందే కోడలు తిన్నె మీద తినడం చూసి, నీళ్ళు పోసుకున్నావా పంకజా అని ఆశగా అడిగింది. పంకజాక్షికి పొలమారింది. సాయంత్రానికల్లా భారతమ్మ చింతకాయ తొక్కు తెచ్చింది, ఇంకొకరు పుల్లమామిడి తెచ్చారు. కడుపూ లేదు కాలూ లేదు, కుక్క కోసం తింటోందని అందరికీ చెప్పలేక శకుంతలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. అంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. తొక్కు మాత్రం బాగుంది.

రెండోరోజు పంకజాక్షి కొంగు తీసేసింది. పొయ్యి మీదనుంచి దించిన సంగటి ముద్ద మధ్య గుంట చేసి, చింతాకు పప్పు పోసుకుని, పక్కన రోట్లో నూరిన ఊరిమిండి పెట్టుకుంది. ముద్ద చేస్తుంటే వేళ్ళు కాలాయి. సంగటి ఇంత మెత్తగా ఉంటుందా? పప్పు గరిటెలో ఇంత చిక్కగా వస్తుందా? రోజూ వండేది తనే, ఈ రుచి మాత్రం ఇన్నాళ్ళూ తనకు తెలియదు. ఆమెకు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది. నిదానంగా తింది. వేపచెట్టు కింద జాకీ లేచి, కూర్చుని, చొల్లు కారుస్తూ, మళ్ళీ లేచి, చివరికి ముందు కాళ్ళ మీద గడ్డం ఆనించి ఆమె చేతినే చూస్తూ ఉండిపోయింది. బస్సు హారను కొట్టింది. ఆమె చెయ్యి కడుక్కుని పళ్ళెం తెచ్చింది. జాకీ మొదటిసారి పళ్ళెం వంక కాకుండా ఆమె మొహం వంక చూసింది.

ఆ తరవాత పని సాగింది. నార తాడు మెడకు వదులుగా వేసి, ఒక చుట్టు అరచేతికి తిప్పుకోవడం, జాకీ లాగగానే తాడు బిగించడం, ఆగగానే ఆ క్షణంలోనే వదిలేయడం. ఒక్క రవ్వ ఆలస్యమైనా అదేమీ నేర్చుకోదని జయరావు గొడవ పెట్టేవాడు. పంకజాక్షి అరచేతుల్లో ఎర్రటి గీతలు పడ్డాయి. ఆగినప్పుడల్లా ఉడికిన కోడిగుడ్డు ముక్క. గొంతు దగ్గరే ఎక్కువ కష్టమైంది. ఆమెకు ఆ ఇంట్లో రెండే గొంతులు అలవాటు, మనుషులతో గుసగుస, కుక్కతో అరుపు. జయరావు ఆ రెండూ పనికిరావన్నాడు. అరిస్తే అది తనతోపాటు నువ్వూ మొరుగుతున్నావనుకుంటుంది. పక్కింటికి కాదు, పక్క గదికి వినపడేటట్టు చెప్పాలి, ఒక్కసారే చెప్పాలి, చెప్పి నమ్మకంగా ఉండాలి. జాకీ మీద కాదు, ముందు తిన్నె స్తంభం మీద సాధన చేయమన్నాడు. పంకజాక్షి స్తంభానికి ఎదురుగా నిలబడి ఆగు, కూర్చో, వదులు అంటుంటే జయరాం మోటారు దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు. స్తంభం బుద్ధిగా వింటోందని జయరావు మెచ్చుకున్నాడు.

వారం తిరిగేసరికి మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి ప్యాంటు వేసుకుని వచ్చాడు. జీపు తలుపు తీసి కాలు కిందపెట్టగానే జాకీ వేపచెట్టు కిందనుంచి లేచి పరుగెత్తింది. మునిరామయ్య ఎక్కడో తోట చివర ఉన్నాడు. పంకజాక్షి తిన్నె మీద బియ్యం చెరుగుతోంది. చేట దించలేదు, లేవలేదు.

"జాకీ, ఆగు."

పక్క గదికి వినపడేటంత గొంతు. జాకీ పరుగులోనే కాళ్ళు తన్నిపెట్టి ఆగింది. దుమ్ము ముందుకు పోయి మేనేజరు బూట్ల మీద పడింది. కూర్చోమంటే కూర్చుంది. మేనేజరు రెండో కాలు కూడా కిందపెట్టాడు. ఈలోపల బయటికి వచ్చిన శకుంతలమ్మ, ఆయన ఎదుట తన పెద్దరికం కూడా కనపడాలని, ఏయ్ పక్కకు పో అని జాకీని గదమాయించింది. జాకీ కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా అంది. చెవి కూడా ఆడించలేదు. మేనేజరు మర్యాదకు అటు తిరిగి మామిడిచెట్లు చూశాడు. పంకజాక్షి చిన్నగా చెబితే లేచి వేపచెట్టు కిందికి పోయింది. శకుంతలమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన తోటంతా తిరిగి, కాయ బాగుందన్నాడు, బేరం కుదిరింది. జీపెక్కేటప్పుడు ఆ కుక్కను ఎవరు తయారుచేశారని అడిగాడు. మునిరామయ్య తనే చేసినంత గొప్పగా ఛాతీ విరిచి, మా కోడలని చెప్పాడు. లారీ మాట ఆ తరవాత మళ్ళీ ఎత్తలేదు. జాకీ మెడ నిమిరి, నువ్వీడనే ఉందువులే పో అన్నాడు. పంకజాక్షి వంటింట్లోకి పోయి, ఎవరూ లేకుండా చూసి, గోడకు ఆనుకుని కాసేపు నవ్వుకుంది.

సాయంత్రం జయరావు తాళ్ళు చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే మునిరామయ్య ఒక సంగతి తేల్చుకోవాలనుకున్నాడు. చదువు అయిపోయింది గదా, ఇంక రేపటినుంచి భోజనాలు పాత పద్ధతికి వస్తే తప్పులేదు గదా అని అడిగాడు. పంకజాక్షి అంట్లు తోముతోంది. చేతిలో చెంబు ఆగిపోయింది. కుదరదని చెప్పు, మళ్ళీ మొదటికొస్తుందని చెప్పు అని మనసులోనే జయరావును బతిమాలుకుంది. జయరావు మీసం దువ్వుకున్నాడు. తను కుక్కల మనిషిననీ, మనుషుల సంగతి తనకు అంతు పట్టదనీ చెప్పి, బస్సుకు వేళైందని లేచాడు. ఎంత పెద్ద పెద్ద కబుర్లు చెప్పాడు, చివరికి ఇదా చెప్పింది అని పంకజాక్షికి ఒళ్ళు మండింది. మునిరామయ్య పద్ధతి పద్ధతేనని తీర్మానించేశాడు.

 ఆ రాత్రి కోడలు తలకు నూనె రాస్తుంటే, శకుంతలమ్మ వాకిట్లో పడుకున్న జాకీ వంక చూస్తూ నెమ్మదిగా అంది. "నేను ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ ఎన్ని కుక్కలు మారినాయో. అన్నిటికీ పెట్టినాకనే తినినాను. జరమొచ్చినా అంతే, బిడ్డ కడుపులో ఉన్నా అంతే. ఒక్కటన్నా నా మాట ఇన్న్యాదా పంకజా?"

 అత్తకు కూడా ఆకలి వేసేదన్న సంగతి పంకజాక్షికి ఆ పూటే తట్టింది. నూనె చేతితోనే ఆవిడ భుజం పట్టుకుంది.

మర్నాడు సంగటి దించి, పంకజాక్షి పాత పద్ధతి ప్రకారం గిన్నెల మీద మూతలు పెట్టి మగవాళ్ళ కోసం కాచుకుంది. జాకీ లేచి తిన్నె వంక చూస్తోంది. బస్సు ఇంకా రాలేదు. శకుంతలమ్మ ఉట్టి కిందనుంచి రెండు కంచాలు తీసి, కొంగుతో తుడిచి, తిన్నె మీద పక్కపక్కన పెట్టింది. సంగటి తట్టా పప్పుచట్టీ తనే మోసుకొచ్చింది.

"కూచో."

"మామ వచ్చే వేళయింది గదత్తా."

"రానీలే. ఆ కుక్క నన్ను గూడా చూడాల."

ఇద్దరూ కూర్చున్నారు. శకుంతలమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కాలి, ఊదుకుని, మళ్ళీ పెట్టుకుంది.  పప్పులో కారం సరిపోయిందని అంది. కోడలి వంటను ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజు కరెంటు తొందరగా పోయింది. మునిరామయ్యా, జయరామూ తుండుగుడ్డలతో చెమట తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి ఆగారు. పంకజాక్షి గబుక్కున లేవబోతే అత్త ఎడమచేత్తో ఆమె మోకాలు నొక్కి పట్టింది. మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆకలేస్తోందన్నాడు.

శకుంతలమ్మ తల ఎత్తలేదు. అరవనూ లేదు. "కొంచేపుండు. తింటా ఉండాము" అంది.

మునిరామయ్య ఏదో అనబోయి, కొడుకు వంక చూశాడు. కొడుకు అప్పటికే కాళ్ళు కడుక్కుని వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. ఆయనా పోయి, జాకీ పక్కన కొంచెం చోటు చూసుకుని కూర్చున్నాడు. శకుంతలమ్మ కోడలి కంచంలో ఇంకో గరిటె పప్పు పోసి, తన కంచంలోనూ పోసుకుంది.